కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు... ఇది జబ్బా, మందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే గొడవ మీద ఉన్నాయి, అందుకని మిగతావి (పరీక్షల టెన్షన్, మావయ్యగారి గురక వగైరా) వచ్చే నెలకి తోసేసి వీటినే తీసుకున్నా. డిప్రెషన్‌కి మొదట ఇచ్చిన టాబ్లెట్ పనిచేయలేదు, రెండోదీ పనిచేయలేదు, ఇప్పుడు డాక్టర్ ఇంకేదో కొత్తది కలిపారు, దాంతో ఒంట్లో ఏదో అవుతోంది, అదేంటో ఇంట్లో ఎవరికీ అర్థం కావట్లేదు. దాదాపు అందరి కథా ఇదే. రెండు వేర్వేరు మందులు సరైన డోసులో సరిపడా రోజులు, అంటే ఒక్కోటి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడినా లొంగకపోతే మేము దాన్ని మొండి డిప్రెషన్ లెక్కలో వేస్తాం. ఇది అరుదేమీ కాదు. 2006లో అమెరికా నుంచి వచ్చిన స్టార్-డి అనే పెద్ద స్టడీలో మొదటి మందుతోనే పూర్తిగా తేరుకున్నవాళ్లు సుమారు మూడోవంతు మంది, అంతే. కాబట్టి "నాకే ఎందుకిలా" అని ఎవరూ కుమిలిపోనక్కర్లేదు.

ప్ర: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది రాజమండ్రి. మా వారికి 47, గవర్నమెంట్ స్కూల్లో లెక్కల మాస్టారు. రెండేళ్లుగా డిప్రెషన్. ముందు ఎస్సిటాలోప్రామ్ ఇచ్చారు, తర్వాత వెన్లాఫాక్సిన్‌కి మార్చారు, కొంచెం నయం గానీ మనిషి మనిషిలా లేరు. రెండు నెలల క్రితం దానికి తోడు అరిపిప్రజోల్ 5 కలిపారు. పది రోజులు తిరిగేసరికి ఈయన ఒకచోట కూర్చోవడం మానేశారండి. అన్నం తింటూ తింటూ నాలుగుసార్లు లేస్తారు, చేతికి పప్పన్నం అలాగే అంటుకుని ఉంటుంది, వరండా దాకా వెళ్లి వస్తారు. రాత్రి రెండింటికి లేచి చూస్తే హాల్లో అటూ ఇటూ, కాలుగాలిన పిల్లిలా. మా అబ్బాయేమో నాన్న యాక్టివ్ అయ్యారు మంచిదేగా అంటాడు, మా అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. డాక్టర్‌కి ఫోన్ చేసి టెన్షన్ పెరిగిందండీ అంటే 10 చేయమన్నారు, చేశాక ఇంకా ఎక్కువైంది. మొన్న నాతో "ఈ ఒంట్లో ఉండలేకపోతున్నా" అన్నారు. నాకు భయమేసి మందులన్నీ ఆపేద్దామనుకుంటున్నా. ఆపేయొచ్చా?

జ: అమ్మా, ముందు చివరి మాట గురించి. "ఒంట్లో ఉండలేకపోతున్నా" అన్న మాటని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ పేజీ చదవగానే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని (కూర్చోలేకపోతే పక్కనే నడుస్తూ) సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే కొత్తగా ఆలోచన వస్తుందేమో అని భయపడతారు చాలామంది, అలా రాదు. అవునంటే అప్పుడే దగ్గర్లోని ఆస్పత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లిపోండి, ఇంకేం ఆలోచించకండి. కాదన్నా సరే రేపో ఎల్లుండో సైకియాట్రిస్ట్‌ని నేరుగా కలవండి, ఫోన్లో కాదు. మధ్యలో ఏ రాత్రైనా చేతులాడకపోతే 14416కి చేయండి, టెలి మానస్, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు రాసిన కాలుగాలిన పిల్లి ఉంది చూశారూ, మా పుస్తకాల్లో దానికి అకతీసియా అని పేరు. గ్రీకు మాట, కూర్చోలేకపోవడం అని అర్థం, 1901లో ప్రాగ్‌లో హస్కోవెట్స్ అనే డాక్టర్ పెట్టాడు, ఈ మందులు పుట్టక ముందే. ఆయన మనకంటే ముందే చూశాడు గానీ మన సామెత అంత బాగా చెప్పలేకపోయాడని నా అభిప్రాయం. అరిపిప్రజోల్, కారిప్రజిన్, కొంచెం తక్కువగా బ్రెక్స్‌పిప్రజోల్, ఇలాంటివి డిప్రెషన్ మందుకి తోడుగా ఇచ్చినప్పుడు కొంతమందికి ఇది వస్తుంది, చాలావరకు మొదలుపెట్టిన కొత్తలోనో డోసు పెంచినప్పుడో. మీ వారి విషయంలో రెండుసార్లూ సరిగ్గా అక్కడే వచ్చింది చూడండి, 5 మొదలెట్టిన పది రోజులకి ఒకసారి, 10 చేశాక ఇంకోసారి.

గొడవ ఎక్కడొస్తుందంటే ఇది చూడ్డానికి అచ్చం టెన్షన్ లాగే ఉంటుంది. ఇంట్లోవాళ్లు టెన్షన్ అంటారు, మేము ఫోన్లో ఆ మాట విని జబ్బు పెరిగిందనుకుని అదే మందు ఇంకాస్త పెంచుతాం, మంట మీద కిరసనాయిలు పోసినట్టు. మీ డాక్టర్ని తిట్టడానికి కాదు ఇది చెప్పేది, నేనూ ఈ పని చేశాను, ప్రాక్టీస్ పెట్టిన కొత్తలో ఒక పెద్దాయనకి రెండుసార్లు డోసు పెంచాక గానీ నాకు వెలగలేదు, అదీ ఎలాగంటే ఆయన భార్య "మూణ్నెల్లలో రెండు జతల చెప్పులు అరిగిపోయాయండీ" అంటే. అప్పట్నుంచి నేను ఓపీలో ఈ మందు వాడేవాళ్లని కూర్చోబెట్టి రెండు నిమిషాలు, నిలబెట్టి ఇంకో రెండు నిమిషాలు ఊరికే పిచ్చాపాటీ మాట్లాడతాను. మాటలు పంటల మీదో క్రికెట్ మీదో నడుస్తుంటాయి, కళ్లు మాత్రం వాళ్ల కాళ్ల మీద. అకతీసియా ఉన్న మనిషి నిలబడ్డచోటే ఒక కాలు తీసి ఒక కాలు వేస్తూ కవాతు చేస్తున్నట్టుంటాడు, తను చేస్తున్నట్టు తనకే తెలీదు.

మీరు ఇంట్లో తేడా కనిపెట్టాలంటే ఇలా అడగండి. "మనసులో ఏదైనా భయం తిరుగుతోందా, లేక కాళ్లే నిలవనివ్వట్లేదా?" టెన్షన్ అయితే దానికో విషయం ఉంటుంది, అప్పు, కూతురు పెళ్లి, స్కూల్లో ఇన్‌స్పెక్షన్. ఇదయితే విషయం ఉండదు, లోపల్నుంచి తోస్తుంది, నడిస్తే కాసేపు తగ్గుతుంది, కూర్చుంటే మళ్లీ మొదలు. ఇంకోటి కూడా చూడాలి, నిద్ర తగ్గినా మనిషి హుషారుగా, గలగలా మాట్లాడుతూ, డబ్బులు ఎడాపెడా ఖర్చుపెడుతుంటే అది వేరే, బైపోలార్ (మూడ్ ఒకసారి ఆకాశానికి, ఇంకోసారి పాతాళానికి వెళ్లే జబ్బు) వైపు వెళ్తుందేమో చూడాలి. మీ వారు హుషారుగా లేరు, నరకం పడుతున్నారు. మీ అబ్బాయికి ఈ ముక్క చదివి వినిపించండి.

ఆపేయొచ్చా అంటే, అన్నీ కలిపి మాత్రం ఆపొద్దు. వెన్లాఫాక్సిన్ ఒక్కసారిగా ఆపితే రెండు రోజుల్లోనే తల తిరగడం, వాంతులు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమనడం, ఏడుపు, ఇవన్నీ మీద పడతాయి, అప్పుడు ఏది దేనివల్లో నాకే అర్థం కాదు ఇంక మీకేం అర్థమవుతుంది. దాన్ని అలాగే ఉంచి అరిపిప్రజోల్ సంగతి డాక్టర్‌తో తేల్చుకోండి, డోసు తగ్గించడమో ఆపి వేరేది చూడడమో చేస్తారు, మధ్యలో ఉపశమనానికి ప్రొప్రనొలాల్ ఇవ్వొచ్చు, ఆయనకి ఆస్తమా ఉంటే ఆ మాట ముందే చెప్పండి, ఎందుకంటే ఉబ్బసం ఉన్నవాళ్లకి అది పడదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అరిపిప్రజోల్ ఒంట్లో సగం అవడానికే సుమారు 75 గంటలు పడుతుంది, అంటే ఈరోజు ఆపినా పూర్తిగా వెళ్లడానికి రెండు వారాలు. ఆపిన మూడోరోజుకి ఇంకా తిరుగుతున్నారని "మందు వల్ల కాదన్నమాట" అనుకోకండి. కారిప్రజిన్ అయితే ఇంకా మొండిది, దాని అవశేషం వారాల తరబడి ఉంటుంది.

తాయెత్తు ఉంచుకోండి, దాని వల్ల నష్టం లేదు. కానీ చీటీ మీద ఏ తేదీన ఏ మందు ఎంత మొదలైందో, ఏ తేదీన నడక మొదలైందో రెండు లైన్లు రాసి పట్టుకెళ్లండి. "టెన్షన్" అనే మాట వాడకండి డాక్టర్ దగ్గర, "కూర్చోలేకపోతున్నారు" అనండి.

ప్ర: హాయ్ డాక్టర్ గారు, మేము డాలస్ దగ్గర ఉంటాం, నాకు 34. నాలుగు మందులు మార్చాక ఇక్కడ ముక్కులో కొట్టే స్ప్రే మొదలుపెట్టారు, స్ప్రవాటో. మొదటిరోజు పావుగంటకి గోడ మీద గడియారం సొరంగం చివర ఉన్నట్టు దూరమైపోయింది, నా చెయ్యి నాదేనా అని డౌట్ వచ్చి గాజు పట్టుకుని తిప్పి చూసుకున్నా, నన్ను నేనే పైనుంచి చూస్తున్నట్టు. బీపీ 128 నుంచి 154కి వెళ్లింది. గంటన్నరకి మామూలైపోయా గానీ పిచ్చెక్కుతోందేమో అని ఏడ్చేశా. వారానికి రెండుసార్లు వెళ్లాలి, మా ఆయన ఆఫీసు మానుకుని తీసుకురావాలి, గుంటూరులో అమ్మకి చెప్పలేదు. ఇది ఆ మత్తుమందే కదా, అలవాటైపోతుందా? మానేయనా?

జ: గాజు తిప్పి చూసుకున్నానని రాశావు చూడు తల్లీ, అది చదివి నీకు పిచ్చెక్కలేదని నాకు ధైర్యమొచ్చింది, పిచ్చెక్కినవాళ్లు చెక్ చేసుకోరు.

ఆ స్ప్రేలో ఉండేది ఎస్కెటమిన్. కెటమిన్ అని ఆపరేషన్ థియేటర్లో మత్తుకిచ్చే మందుంది, 1970 నుంచి వాడకంలో ఉంది, అందులో అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి ప్రతిబింబాలైన రెండు రకాల అణువులు సగం సగం ఉంటాయి, వాటిలో ఒక రకం ఇది. మొండి డిప్రెషన్‌కి అమెరికాలో 2019 మార్చిలో అనుమతి ఇచ్చారు, అప్పట్లో వేరే టాబ్లెట్‌తో కలిపే ఇవ్వాలన్నారు, 2025 జనవరిలో విడిగా కూడా ఇవ్వొచ్చన్నారు. నువ్వు చెప్పిన ఆ దూరమైపోవడం, తేలిపోవడం దాని సొంత సైడ్ ఎఫెక్టే, చాలామందికి వస్తుంది, స్ప్రే కొట్టిన 40 నిమిషాల దగ్గర పీక్‌కి వెళ్లి రెండు గంటలు అయ్యేసరికి దిగిపోతుంది, బీపీ కూడా అదే లెక్కలో ఎక్కుతుంది, పూర్తిగా దిగడానికి మాత్రం నాలుగు గంటల దాకా పట్టొచ్చు. అందుకే నిన్ను రెండు గంటలు కదలనివ్వకుండా కూర్చోబెట్టి చూసేది, మర్యాద కోసం కాదు. మొదటి ఒకటి రెండుసార్లే ఎక్కువ భయపెడుతుంది, తర్వాత్తర్వాత చాలామందికి పల్చబడుతుంది. ఇంకో అపోహ కూడా ఉంది, ఎంత తేలిపోతే అంత బాగా పనిచేసినట్టు అని, అలాంటి లెక్కేం లేదు, ఏమీ అనిపించకపోయినా మూడ్ బాగుపడినవాళ్లున్నారు.

భయం తగ్గడానికి చిన్న చిన్నవి చెప్తా. ముందు రెండు గంటలు ఏమీ తినకు, అరగంట ముందు నుంచి మంచినీళ్లు కూడా వద్దు, వాంతి గోల తగ్గుతుంది, ఐనా వికారం ఉంటే ముందే మందు ఇవ్వమని అడుగు. గొంతులోకి జారే చేదు మామూలే, స్ప్రే కొట్టగానే గట్టిగా ఎగపీల్చకు. జలుబు చేసి వేరే ముక్కు చుక్కలు వాడాల్సి వస్తే ఈ స్ప్రేకి గంట ముందే అయిపోవాలి. ఫోన్ బ్యాగులో పెట్టేయ్, ఆ టైమ్‌లో వాట్సాప్ గ్రూపు తెరిస్తే ఏ పెద్దమ్మ ఫార్వర్డ్ చూసినా ఘోరంగా కనిపిస్తుంది. కళ్లు మూసుకుని మాటల్లేని పాట ఏదన్నా పెట్టుకో, నర్సుకి ముందే చెప్పు భయమేస్తే చెయ్యి పట్టుకోమని. అక్కడ సిగ్గేం లేదు.

బీపీ 154 అంటే ఆ టైమ్‌కి విపరీతం కాదు గానీ, స్ప్రేకి ముందే 140/90 దాటి ఉంటే ఆరోజు ఇవ్వాలా వద్దా అని డాక్టర్ ఆలోచించాలి. మెదడులో రక్తనాళం ఉబ్బు, ఇదివరకు మెదడులో రక్తస్రావం, ఇలాంటివి ఉన్నవాళ్లకి అసలు ఇవ్వరు. ప్రెగ్నెన్సీ ప్లాన్ చేస్తుంటే ముందే చెప్పు, ఆ టైమ్‌లో ఇది వాడరు. కారు సంగతి: ఆ రోజు స్టీరింగ్ ముట్టుకోవద్దు, రాత్రి బాగా నిద్రపోయాక మర్నాడే. డాలస్‌లో కారు లేకుండా కాలు బయటపెట్టలేమని నాకూ తెలుసు, మా చెల్లెలు అక్కడే ఉంటుంది, ఐనా అంతే. మీ ఆయన అగచాట్లు నాలుగు వారాలే, తర్వాత వారానికోసారి, ఆ పైన కొందరికి రెండు వారాలకోసారి. మనవాళ్లలో ఒకరిద్దరు ఫ్రెండ్స్‌కి చెప్పుకుంటే పికప్ పంచుకోవచ్చు, డయాలసిస్‌కి పంచుకోరూ, అలాగే.

అలవాటు ప్రశ్న మంచి ప్రశ్న. క్లినిక్‌లో వాళ్ల కళ్లముందే కొట్టుకుని స్ప్రే డబ్బా అక్కడే ఇచ్చేసి వస్తున్నావు, ఇంటికి తెచ్చుకోనివ్వరు, ఆ కట్టుబాటే రక్ష. ప్రమాదం ఇంటికి కొరియర్‌లో తెప్పించుకునే కెటమిన్ మాత్రలతో, వాటి గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 అక్టోబరులో హెచ్చరించింది కూడా. అదే నెలలో యాక్టర్ మాథ్యూ పెర్రీ చనిపోయాడు కదా, ఆయన డిప్రెషన్‌కి కెటమిన్ ఎక్కించుకునేవాడు నిజమే, కానీ చివరిది ఎక్కించుకుని వారం దాటింది, ఒంట్లో దొరికింది ఆ ట్రీట్‌మెంట్‌ది కాదని పోస్ట్‌మార్టం రిపోర్టులోనే ఉంది. రోజూ మత్తుకోసం ఎక్కువెక్కువ వాడేవాళ్లకి మూత్రాశయం దెబ్బతింటుంది, నీ డోసుల్లో ఆ భయం చాలా తక్కువ, ఐనా మాటిమాటికీ మూత్రం రావడం, మంట ఉంటే చెప్పేయ్. ఇక్కడ మన దగ్గర కొన్ని ఆస్పత్రుల్లో స్ప్రే బదులు కెటమిన్‌ని సెలైన్‌లో 40 నిమిషాలు ఎక్కిస్తారు, ఇవే జాగ్రత్తలు వాళ్లకీ వర్తిస్తాయి, మానిటర్ లేని గదిలో ఎక్కిస్తామంటే లేచి వచ్చేయండి.

మానేయనా అంటే, నాలుగు వారాలయ్యాక మీ డాక్టర్ ఎలాగూ ఉపయోగం ఉందా లేదా అని కూర్చుని చూస్తారు, అప్పటిదాకా భరించగలిగితే భరించు. అమ్మకి ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం.

ప్ర: మేడమ్, పేరు వద్దు. హైదరాబాద్, సాఫ్ట్‌వేర్, 29. డిప్రెషన్ మందుకి అరిపిప్రజోల్ కలిపి ఐదు నెలలు. డిప్రెషన్ తగ్గింది. కానీ ఎప్పుడూ పేకాట ముట్టనివాణ్ని ఆన్‌లైన్ రమ్మీలో రెండు లక్షల ముప్పై వేలు పోగొట్టా, రాత్రి మూడింటిదాకా. ఇది నా బుద్ధేనా?

జ: బాబూ, ఐదు నెలల క్రితం ముట్టనివాడివి అన్నావు కదా, ఆ మాటే డాక్టర్‌కి చెప్పాలి. 2016 మేలో ఎఫ్‌డీఏ ఈ మందు మీద ప్రత్యేకంగా చెప్పింది, కొందరిలో ఆపుకోలేని జూదం, షాపింగ్, తిండి, సెక్స్ కోరిక పుడతాయని, డోసు తగ్గిస్తేనో మానేస్తేనో పోతాయని. ఎక్కువమందికి రాదు, వచ్చినవాళ్లు చెప్పరు, ఎందుకంటే కాళ్లు తిప్పితే రోగం అంటారు గానీ పేకాడితే క్యారెక్టర్ అంటారు. మేమూ అడగం, అదీ మా తప్పే. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు, అయినా నువ్వు దారి వెతుక్కున్నావంటే లోపలి ఆ తోపుడు ఎంత బలంగా ఉందో అర్థమవుతోంది. ఈ వారమే డాక్టర్‌ని కలువు, అప్పటిదాకా యూపీఐ లిమిట్ వెయ్యికి దించి జీతం అకౌంట్ కార్డు అక్కకో అన్నకో ఇచ్చేయ్. మందు మారిన రెండు మూడు నెలలకి కూడా చెయ్యి లాగుతుంటే మాత్రం అప్పుడు దాన్ని విడిగా జూదం సమస్యగా చూసి ట్రీట్‌మెంట్ తీసుకోవాలి, అన్నీ మాత్ర మీదకే నెట్టేయలేం.

ప్ర: అమ్మాయికి 23, డిప్రెషన్‌కి ఫ్లూయాక్సిటిన్‌తో ఒలాంజపిన్ కలిపి ఇస్తున్నారు, మనిషి తేరుకుంది గానీ ఐదు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగింది. సంబంధాలు చూస్తున్నాం. మందు మాన్పించనా? (వరంగల్)

జ: సంబంధం కోసమైతే మాన్పించకండి. తొమ్మిది కిలోల కోసమైతే డాక్టర్‌తో మాట్లాడండి, ఎందుకంటే నాకు చీర కొలతల కంటే షుగర్ భయం ఎక్కువ, ఒలాంజపిన్ ఆకలిని ఎగదోస్తుంది, రాత్రి పదకొండుకి ఫ్రిజ్ తెరిపిస్తుంది, మన ఇళ్లలో అసలే షుగర్ వాళ్లు ఎక్కువ. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, కొవ్వు టెస్టులు చేయించండి, నడుము చుట్టుకొలత టేపుతో నెలనెలా రాసిపెట్టండి. బరువు తక్కువ పెంచే వేరే మందుకి మార్చొచ్చేమో, మెట్‌ఫార్మిన్ కలపొచ్చేమో అడగండి, రెండూ చేస్తుంటారు. పాతికేళ్లలోపు పిల్లలకి డిప్రెషన్ మందు మొదలెట్టిన కొత్తలో, మార్చినప్పుడు ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి మార్చిన మొదటి నెల కాస్త దగ్గరగా ఉండండి. అద్దం ముందు నిలబడ్డప్పుడు ఎవరూ ఏమీ అనకండి.

ప్ర: దగ్గుమందులోంచి డిప్రెషన్ మందు చేశారంట నిజమా? మా ఊరి షాపులో దగ్గు సిరప్ దొరుకుతుంది, నేను వాడే మందుతోపాటు రెండు మూతలు తాగొచ్చా? (ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ క్లర్కు)

జ: నిజమే అంకుల్, తాగొద్దు. అమెరికాలో 2022 ఆగస్టులో డెక్స్ట్రోమెథార్ఫాన్‌ని బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందుతో కలిపిన మాత్రకి అనుమతి వచ్చింది. ఆ డెక్స్ట్రోమెథార్ఫాన్ పొడిదగ్గు సిరప్‌లో ఉండేదే. కానీ ఒక్కటే తాగితే లివర్ గబగబా దాన్ని కరిగించేస్తుంది, బుప్రోపియాన్ లివర్‌కి అడ్డం పడితేనే అది ఒంట్లో నిలుస్తుంది, ఆ తూకం మూతలతో కుదరదు. ఆ మాత్రకీ తల తిరగడం, వికారం, బీపీ పెరగడం ఉన్నాయి, ఫిట్స్ ఉన్నవాళ్లకి ఇవ్వరు. మీరు వాడే మందు ఏదో రాయలేదు, సెరోటోనిన్ (మెదడులో ఉండే ఒక రసాయనం) పెంచే రకమైతే దానిమీద సిరప్ పోస్తే వణుకు, చెమటలు, జ్వరం, అయోమయం, అది ఆస్పత్రి కేసు. అసలు దగ్గొచ్చినా సరే ఆ షాపులో మీ మాత్రల స్ట్రిప్పు చూపించి సిరప్ అడగండి, నొప్పులకి ట్రమడాల్ ఇచ్చినా ఇదే గొడవ. మీ మందు పేరు, బీపీ ఎంతో రాసి మళ్లీ ఉత్తరం వేయండి.